మల్లుదొర ఢిల్లీ వెళ్ళిన సినిమా

ఇష్టమైన సినిమాలేవని ఎవరైనా అడిగితే నా దగ్గర రెండు జాబితాలున్నాయి. మొదటిది అందరూ ఒప్పుకునేది. 'మాయాబజార్', 'శంకరాభరణం', 'మరో చరిత్ర'. ఇవి చెప్తే ఎవరూ ఎందుకని అడగరు, తలూపి ఊరుకుంటారు. రెండోది కాస్త మొహమాటపు జాబితా. అందులో అన్నీ గొప్ప సినిమాలు కావు. ఒకటి రెండయితే బాగుంటాయని కూడా గట్టిగా అనలేను. కానీ నిద్ర పట్టని రాత్రి గుర్తొచ్చేవి అవే. వాటన్నిట్లోనూ ఒక కొండ ఉంటుంది. ఆ కొండ మీద ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. ఆ మనిషి ఎవరన్నదే నాకు ఇన్నేళ్ళుగా పట్టుకున్న ప్రశ్న.

నా చిన్నతనం అరకులో గడిచింది. మా నాన్న రైల్వేలో చిన్న ఉద్యోగి. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వెళ్ళే లైను మాది. యాభైకి పైగా సొరంగాలు తొలిచి 1960లలో వేసిన ఆ లైను అసలు మనుషుల కోసం వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపి, అక్కణ్ణుంచి జపాన్ పంపడానికి వేసింది. గూడ్సు బళ్ళు రాత్రీ పగలూ తిరిగేవి. మనుషులకి మాత్రం రోజుకొక్క పాసింజరు. అది పొద్దున్న కొండెక్కి, సాయంత్రం దిగేది. కాబట్టి మాకు సినిమాకి వెళ్ళడమంటే సాయంత్రం బండెక్కి, రాత్రికి విశాఖలో ఎవరో చుట్టాలింట్లో పడుకుని, మర్నాడు మ్యాట్నీ చూసి, మూడో రోజు తిరిగి రావడం. ఏడాదికి ఒకటో రెండో.

మిగతావన్నీ వీసీపీ మీదే. పండగలకి కలర్ టీవీ, వీసీపీ, నాలుగు క్యాసెట్లు అద్దెకి తెచ్చి, క్వార్టర్స్ వెనక ఖాళీ స్థలంలో బల్ల మీద పెట్టేవారు. ముందు చాపల మీద మేము, వెనక కుర్చీల్లో పెద్దవాళ్ళు, వాళ్ళ వెనక సంతకొచ్చి ఊరికి తిరిగెళ్ళకుండా ఆగిపోయిన జనం. చలికి గొంగళ్ళు కప్పుకుని నిలబడే చూసేవాళ్ళు. అలా ఒక సంక్రాంతికి 'అల్లూరి సీతారామరాజు' వేశారు. నాకు తొమ్మిదో పదో ఏళ్ళు.

కృష్ణగారు తెల్లవాళ్ళ తుపాకులకి ఎదురుగా నిలబడగానే నేను ఏడ్చేశాను. నేనేంటి, కుర్చీల్లో ఉన్న స్టేషన్ మాస్టారు గారు కూడా కళ్ళు తుడుచుకున్నారు. సినిమా అయిపోయింది. టీవీ తెర నీలం రంగులోకి మారింది. అందరూ లేస్తున్నారు. వెనక నిలబడ్డ ఒక తాత మాత్రం కదల్లేదు. ఆయన చింతపల్లి వైపు మనిషి. కూతుర్ని మా దగ్గరి ఊరికిచ్చి, ముసలితనంలో ఆమె దగ్గరికొచ్చి ఉంటున్నాడు. మా ఇంటికి అడ్డాకులూ, చింతపండూ తెచ్చేవాడు.

"అయిపోనాదేటి?" అన్నాడు.

"అయిపోయింది తాతా. రాజుగారు చనిపోయారు కదా."

"రాజుగారు పోనాడు, అది నాకూ ఎరికే. మరి మల్లుదొర ఢిల్లీ ఎల్నాడు కదా బావూ, అది సూపించనేదేటి?"

నాకు నవ్వొచ్చింది. మల్లుదొర ఢిల్లీ వెళ్ళడమేంటి? తాత ఇంకేదో సినిమా కథ ఇందులో కలిపేస్తున్నాడనుకున్నాను. మా నాన్నతో చెప్తే ఆయనా నవ్వాడు. ఆ సంగతి అక్కడితో మర్చిపోయాను.

*

ఆ సినిమా గురించి తర్వాత తెలుసుకున్నదంతా నా ఇష్టాన్ని పెంచిందే తప్ప తగ్గించలేదు. 1974 మే 1న విడుదలయింది. కృష్ణకి నూరో సినిమా. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం. రామరాజు పాత్ర వెయ్యాలని ఎన్టీఆర్ చాలా ఏళ్ళు అనుకున్నారు, వేరేవాళ్ళూ ప్రయత్నించారు, ఎవరికీ కుదరలేదు. కృష్ణ సొంత సంస్థ పద్మాలయా దానికి పూనుకుంది. త్రిపురనేని మహారథి రాశారు, వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రహణం, ఆదినారాయణరావు సంగీతం. తీస్తుండగానే దర్శకుడు వి. రామచంద్రరావు చనిపోయారు. మిగిలిన భాగం కృష్ణే పూర్తిచేసి, దర్శకుడిగా రామచంద్రరావు పేరే ఉంచారు. చాలా భాగం చింతపల్లి అడవుల్లో తీశారు. 1922 ఆగస్టు 22న రామరాజు దళం మొట్టమొదట దాడిచేసిన పోలీస్ స్టేషన్ ఉన్న ఊరు అది. అప్పట్లో తెలుగు సినిమాకి చరిత్ర జరిగిన చోటికే వెళ్ళి చరిత్రని తీయడం అలవాటైన పని కాదు. కోటలైనా కొండలైనా మద్రాసు ఫ్లోర్లలోనే లేచేవి.

విడుదలైన రోజుని కూడా చూడండి. మే డే. ఇంకో ఆరు రోజులకి, మే 7న, రామరాజు చనిపోయి సరిగ్గా యాభై ఏళ్ళు.

కానీ 1974 అనగానే నాకు గుర్తొచ్చేది ఇంకో లెక్క. 1967 అక్టోబరు 31న పార్వతీపురం ఏజెన్సీలో లేవిడి దగ్గర సభకి వెళ్తున్న గిరిజనుల మీద కాల్పులు జరిగి కోరన్న, మంగన్న చనిపోయారు. శ్రీకాకుళ గిరిజన పోరాటం అక్కణ్ణుంచి సాయుధ పోరాటంగా మారింది. 1970 జులైలో దాని నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోలీసుల చేతిలో చనిపోయారు. అదే ఏడాది ఫిబ్రవరిలో ప్రభుత్వం 1/70 చట్టం తెచ్చింది. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్న చట్టం. ఇవాళ అరకులో రిసార్టు కట్టాలనుకునే ప్రతివాడూ ముందు తిట్టుకునేది దాన్నే. అదే ఏడాది జులై 4న హైదరాబాదులో విప్లవ రచయితల సంఘం పుట్టింది. మొదటి అధ్యక్షుడు శ్రీశ్రీ. జులై 4 అల్లూరి పుట్టిన రోజు కూడా.

నాలుగేళ్ళ తర్వాత అదే శ్రీశ్రీ ఈ సినిమాకి పాట రాశారు. దానికి జాతీయ ఉత్తమ గీతరచయిత అవార్డు వచ్చింది, తెలుగు పాటకి మొదటిసారి. నేను పుట్టకముందు సంగతి కాబట్టి హాల్లో జనం ఏమనుకున్నారో చెప్పలేను. కానీ తూర్పు కనుమల్లో తుపాకుల చప్పుడు ఆగి నాలుగేళ్ళయినా కాని రోజుల్లో, అవే కనుమల్లో తుపాకి పట్టిన ఒకాయన్ని దేవుడిలా చూపించే సినిమాని రాష్ట్రమంతా ఎగబడి చూసింది. ప్రభుత్వం నంది అవార్డు ఇచ్చింది. నిన్నటి తిరుగుబాటు గురించి ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడుకునే వాళ్ళు కూడా యాభై ఏళ్ళ కిందటి తిరుగుబాటుకి గట్టిగా చప్పట్లు కొట్టగలరు. అది తప్పని అనను. చరిత్ర సినిమా మనకి చేసిపెట్టే పనుల్లో ఇదొకటి. ఇవాళ్టి మాట అనలేనప్పుడు నిన్నటి మాట అంటాం. అందుకే ఈ సినిమా నాకు 1922 గురించి ఎంత చెప్తుందో 1974 గురించీ అంత చెప్తుంది.

*

ఇంజనీరింగ్ చదువుకి హైదరాబాదు వచ్చాక ఒకసారి హాస్టల్లో కంప్యూటర్ మీద మళ్ళీ అదే సినిమా చూశాను. ఈసారి పూర్తి వెడల్పులో, పైనా కిందా నల్లటి పట్టీలతో. చూస్తుంటే ఇది నేను చూసిన సినిమా కాదేమో అనిపించింది.

కారణం చిన్నదే. స్కోప్ బొమ్మ ఎత్తుకి రెండింతల కంటే ఎక్కువ వెడల్పు ఉంటుంది. పాత టీవీ దాదాపు చదరం. తెర నిండా బొమ్మ రావాలని క్యాసెట్లో రెండు పక్కలా కత్తిరించేస్తారు. దాదాపు నలభై శాతం బొమ్మ పోతుంది. మధ్యలో ఉన్న హీరో మాత్రం మిగులుతాడు. నేను చిన్నప్పుడు చూసింది మధ్య ముక్క. ఇప్పుడు అంచుల్లో మనుషులు కనిపించారు. విల్లంబులు పట్టుకుని నిలబడ్డవాళ్ళు, రాజుగారు మాట్లాడుతుంటే వింటున్నవాళ్ళు, కొండ వాలున కూర్చున్నవాళ్ళు.

అప్పుడు గుర్తొచ్చాడు తాత.

ఆ రాత్రే మొదటి లోక్‌సభ సభ్యుల జాబితా వెతికాను. 1952 ఎన్నికల్లో కొన్ని నియోజకవర్గాలకి ఇద్దరేసి సభ్యులుండేవారు, ఒక సీటు జనరల్, ఒకటి రిజర్వుడు. విశాఖపట్నం అలాంటిదే. దాని ఎదురుగా రెండు పేర్లు. ఒకటి లంకా సుందరం. రెండోది గాం మల్లుదొర.

తాత ఏ సినిమానీ కలిపెయ్యలేదు. సినిమా ఎక్కడ ఆగిపోయిందో అక్కణ్ణుంచి కథ అడిగాడంతే. నాకు ఒక్కసారిగా సిగ్గేసింది. నవ్వినందుకు, నాన్నతో చెప్పి ఆయన్నీ నవ్వించినందుకు. తాత అప్పటికే పోయాడు. సారీ చెప్పడానికి కూడా మనిషి లేడు.

*

అప్పటినుంచి దొరికిందల్లా చదివాను. చదివినకొద్దీ సినిమాలో అంచున ఉన్నవాళ్ళు చరిత్రలో మధ్యలోకి వచ్చారు.

రంప పితూరీ అంటే మనకి రామరాజే గుర్తొస్తాడు. నిజానికి ఆ పేరు ఆయన పుట్టకముందు నుంచీ ఉంది. 1879-80లో కల్లు మీద పన్నూ, మన్సబుదారు దాష్టీకం భరించలేక రంప కొండలు తిరగబడ్డాయి. చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో ఈ గూడెం-రంప తిరుగుబాట్ల మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. ఆయన తీసుకున్న కాలం 1839 నుంచి 1924 దాకా. అంటే ఎనభై అయిదేళ్ళ పాటు ఆ కొండలు విడతలు విడతలుగా తిరగబడుతూనే ఉన్నాయి. రామరాజుది ఆ వరసలో ఆఖరిది, అన్నిటికంటే పెద్దది.

ఎందుకు తిరగబడ్డాయి? 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చి, తాతలనాటి నుంచీ పోడు కొట్టుకుంటున్న కొండ రిజర్వు అడవి అయిపోయింది. కట్టెలు కొట్టినా నేరం, పశువుల్ని తోలినా నేరం. ఊళ్ళ మీద పెత్తనం చేసే ముఠాదారుల అధికారం కత్తిరించారు. ఇక గూడెంలో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా రోడ్డు వేయిస్తూ, కొండవాళ్ళ చేత చాకిరీ చేయించుకుని సరిగ్గా కూలి ఇవ్వలేదు. గంటందొర, మల్లుదొర అన్నదమ్ములకి ఆ బాస్టియన్‌తో పాత తగాదా ఉంది. రామరాజు వచ్చేనాటికే నిప్పు ఉంది. ఆయన దానికి ఒక పద్ధతి నేర్పాడు.

మీరు వీకెండుకి లంబసింగి మంచు చూడ్డానికి వెళ్ళి ఉంటారు. తెల్లవారుజామున కారు అద్దాలు తుడుచుకుంటూ ఎక్కే ఆ దారికి ఈ చరిత్ర ఉంది. మన్యంలో పితూరీకి దారితీసిన వాటిల్లో ఒకటి అక్షరాలా దారే.

మిగతాది మీకు తెలిసిందే. 1922 ఆగస్టు 22, 23, 24. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. వరసగా మూడు స్టేషన్లు, పట్టుకెళ్ళిన తుపాకులకి రాతపూర్వకంగా లెక్క. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. మలబారు పోలీసులొచ్చారు, అస్సాం రైఫిల్స్ వచ్చింది. 1923 సెప్టెంబరులో మల్లుదొర దొరికిపోయాడు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రామరాజుని కాల్చేశారు. ఆ జూన్‌లో గంటందొర చనిపోయాడు.

మల్లుదొరకి ఉరిశిక్ష పడింది, తర్వాత యావజ్జీవంగా మారింది. అండమాన్ పంపారు. ఆ మనిషి బతికి బయటపడి, దేశానికి స్వాతంత్ర్యం రావడం చూసి, మొదటి ఎన్నికల్లో గెలిచి పార్లమెంటులో కూర్చున్నాడు. ఒకప్పుడు తనకి ఉరిశిక్ష వేసిన రాజ్యపు చట్టాలు ఇంకా అమల్లో ఉండగానే, కొత్త చట్టాలు చేసే సభలో సభ్యుడయ్యాడు.

ఇంతకంటే సినిమాటిక్‌గా ఏముంటుంది చెప్పండి? అయినా ఎవరూ తియ్యలేదు. మనకి వీరుడు చనిపోవడం కావాలి. బతికి ఉన్న వీరుడు పోడు పట్టా అడుగుతాడు, రోడ్డు కూలి బాకీ అడుగుతాడు. ఆయనకి విగ్రహం పెట్టి ఊరుకుంటే సరిపోదు.

*

తెలుగు సినిమాకి అడవి అంటే భలే ఇష్టం. ఏ అడవి అన్నదే పట్టదు. 1977లో 'అడవి రాముడు' వచ్చింది. ఎన్టీఆర్, ఏనుగులు, రాఘవేంద్రరావు. అది కూడా నా రెండో జాబితాలో ఉంది, ఏనుగుల కోసం. ఆ అడవి తమిళనాడులోని మదుమలై. సరే, మన కొండల్లో ఏనుగుల మంద ఎక్కడ దొరుకుతుంది అనుకోవచ్చు. 2021లో 'పుష్ప' వచ్చింది. ఎర్రచందనం పెరిగేది శేషాచలంలో, సినిమాలో చాలా అడవి మారేడుమిల్లిది. అంటే మన్యం అడవి చిత్తూరు అడవి వేషం వేసింది. మారేడుమిల్లి వాళ్ళకి ఇది అలవాటైపోయింది. వాళ్ళ చెట్లు ఎన్ని సినిమాల్లో వేశాయో, ఒక్కదాన్లోనూ సొంత పేరుతో కాదు.

మా అరకు పరిస్థితి ఇంకో రకం. దానికి పేరు ఉంటుంది, జనం ఉండరు. 2009లో 'కథ' అని జెనీలియా సినిమా వచ్చింది. అరకులో జరుగుతుంది. కొత్తగా వచ్చిన టీచరమ్మ, పొగమంచు, ఒక హత్య. మంచి థ్రిల్లర్. నాకు ఇష్టం కూడా, ఎందుకంటే మా ఊరి చలిని తెర మీద మొదటిసారి చలిలాగే చూపించింది. అయితే ఆ చలిలో పొద్దున్నే సంతకి నడిచి వచ్చేవాళ్ళు అందులో నాకు దొరకలేదు. అరకు చుట్టూ భగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోందులు, పోర్జాలు, గదబలు, కొటియాలు ఉంటారు. సంతలో అరగంట నిలబడితే నాలుగు భాషలు వినిపిస్తాయి. మన సినిమాల్లో వీళ్ళంతా కలిసి 'గూడెం జనం' అనే ఒక్క తెగ. ఆ తెగకి హీరో వచ్చినప్పుడు డాన్సు చెయ్యడం, విలన్ వచ్చినప్పుడు పరిగెత్తడం తప్ప వేరే పనుండదు. నిజమైన థింసా చూసినవాళ్ళకి తెలుస్తుంది, అది ఒకరి నడుం చుట్టూ ఒకరు చెయ్యేసి నెమ్మదిగా తిరిగే ఆట. ఎవరి కోసమో ఆడేది కాదు.

ఇక్కడే ఒక పరాయి సినిమా చెప్పాలి. మృణాల్ సేన్ 'మృగయా', 1976. ఫిల్మ్ క్లబ్బులో నలుగురం కలిసి చూశాం. ఒడియా రచయిత భగవతీ చరణ్ పాణిగ్రాహి రాసిన 'శికార్' అనే కథ దానికి ఆధారం. మిథున్ చక్రవర్తికి మొదటి సినిమా, జాతీయ అవార్డు కూడా. వేటగాడైన ఒక ఆదివాసీ యువకుడు. మంచి వేటకి తెల్ల అధికారి బహుమానం ఇస్తుంటాడు. ఊరిని పీక్కుతినే వడ్డీ వ్యాపారి అతని భార్యని ఎత్తుకుపోతే, అతన్ని చంపి, అన్నిటికంటే క్రూరమృగాన్ని వేటాడానని ఆ అధికారి దగ్గరికే వెళ్తాడు. అతనికి ఉరి పడుతుంది. ఎందుకు పడిందో అతనికి చివరిదాకా అర్థం కాదు.

ఆ సినిమా నన్ను ఎందుకు వదల్లేదంటే, అందులో అర్థం కాకపోవడం ఆదివాసీ తెలివితక్కువతనం కాదు. అతని లెక్క సరైనదే. ఊరికి హాని చేసే మృగాన్ని చంపితే బహుమానం అన్నారు, చంపాడు. లెక్క తప్పింది చట్టానిది. సినిమా మొత్తం అతని లెక్క లోపలి నుంచి చూస్తుంది. బయటినుంచి వచ్చి అతనికి పోరాటం నేర్పే మనిషి అక్కర్లేదు. ఆ మరుసటేడే మృణాల్ సేన్ తెలుగులో 'ఒక ఊరి కథ' తీశారు. ఆయన్ని ఎవరో ఒక్కసారి మన్యం ఎక్కించి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

*

ఇక 2022. నా రెండో జాబితాకి ఆ ఏడాది ఒక సంవత్సరీకం లాంటిది.

మార్చి 25న 'ఆర్.ఆర్.ఆర్.' వచ్చింది. పది రోజులకి, ఏప్రిల్ 4న, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. మా అరకు అందులోకి వెళ్ళింది. జులై 4న భీమవరంలో ప్రధాని ముప్పై అడుగుల అల్లూరి కంచు విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఆగస్టు 22కి చింతపల్లి దాడికి నూరేళ్ళు. నవంబరు 15న కృష్ణగారు కన్నుమూశారు. ఆ వార్త విన్న రోజు నేను ఆఫీసులో పని చెయ్యలేకపోయాను. నాకు తెలిసిన సీతారామరాజు ఆయనే. మళ్ళీ పది రోజులకి, నవంబరు 25న, 'ఇట్లు మారేడుమిల్లి ప్రజానీకం' విడుదలయింది.

'ఆర్.ఆర్.ఆర్.' థియేటర్లో రెండుసార్లు చూశాను, రెండుసార్లూ ఈలేశాను. దాచుకోవడం ఎందుకు. రాజమౌళి అది కల్పన అని ముందే చెప్పారు, కాబట్టి రామరాజు పోలీసు కొలువు చెయ్యలేదనీ, కొమురం భీంకీ ఆయనకీ స్నేహం లేదనీ చరిత్ర పాఠం చెప్పను. నాకు ముల్లులా గుచ్చుకున్నది ఆఖర్న ఒక చిన్న విషయం. అంతా అయిపోయాక నీకేం కావాలని రామ్ అడిగితే భీం చదువు అడుగుతాడు. నూరు మందిని ఒంటిచేత్తో ఎదిరించినవాడు, పులితో కలబడ్డవాడు, చివర్న చెయ్యి చాపి అక్షరాలు అడుగుతాడు. ఈల వేస్తున్న నోరు అక్కడ ఆగిపోయింది. నిజం భీం గోండు గూడేల్ని కూడగట్టి, భూమి మీదా అడవి మీదా నీటి మీదా హక్కు అడిగాడు. 1940లో జోడేఘాట్‌లో చనిపోయాడు. ఆయన మీద అల్లాణి శ్రీధర్ తీసిన సినిమా ఇరవై ఏళ్ళు డబ్బాల్లో ఉండి 2010లో బయటికొచ్చింది. ఈ రెండు సినిమాల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, మనకి ఏ భీం కావాలో, ఏ భీం డబ్బాలో ఉన్నా పర్లేదో తెలిసిపోతుంది.

'మారేడుమిల్లి'ని ఎవరూ నాలా తలుచుకోరని తెలుసు. అల్లరి నరేష్ తెలుగు మాస్టారుగా ఎన్నికల డ్యూటీ మీద కొండకి వస్తాడు. జనం ఓట్లేస్తారు. వేసి, అధికారుల్ని కదలనివ్వరు. వంతెన, బడి, ఆసుపత్రి ఇస్తేనే పెట్టెలు కిందికి వెళ్తాయంటారు. 'న్యూటన్' చూసినవాళ్ళు పోలిక పట్టేస్తారు. పాటలు ఇరికించారు, ఆఖర్న ఉపన్యాసం ఎక్కువైంది. అన్నీ ఒప్పుకుంటాను. కానీ మారేడుమిల్లి చెట్లు సొంత పేరుతో నటించిన సినిమా అది. దాంట్లో కొండవాళ్ళు తుపాకీ అడగరు, దేవుణ్ణీ అడగరు. వంతెన అడుగుతారు. వర్షాకాలంలో మా వైపు గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చే ఫొటో పేపర్లో పడని ఏడాది లేదు. ఆ ఫొటో తెలిసినవాళ్ళకి ఆ డిమాండు అతి అనిపించదు. 1922లో బలవంతంగా వేయించిన రోడ్డు మీద గొడవ, నూరేళ్ళ తర్వాత వెయ్యని రోడ్డు మీద గొడవ. రెండు సార్లూ రోడ్డు ఎక్కడికి వెళ్ళాలో కొండవాళ్ళని అడిగినవాళ్ళు లేరు.

*

ఇన్ని అన్నాక కూడా, ఒక్క సినిమానే చెప్పమంటే 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు'నే చెప్తాను. ఎందుకో చెప్పడం కష్టం. అది లేకపోతే నాకు చింతపల్లి అంటే కాఫీ తోటలూ బస్ స్టాండే. అది లేకపోతే తాత ఆ రాత్రి ప్రశ్న అడిగేవాడు కాదు, నేను పదేళ్ళ తర్వాత ఆ జాబితా వెతికేవాణ్ణి కాదు. మంచి సినిమా మనకి అన్నీ చెప్పేస్తుందనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోను. చూసి ఇంటికి వెళ్ళకుండా "మరి తర్వాతేటయింది" అని ఒక మనిషి నిలబడిపోయేలా చేసిందంటే, అది చాలు దానికి.

లోపాలు లోపాలే. గంటందొర, మల్లుదొర దాన్లో ఉన్నారు, కానీ రాజుగారి పక్కన నిలబడడానికి ఉన్నారు. అంత వెడల్పు తెర మొదటిసారి తెలుగులోకి వస్తే, దాని అంచుల్లో వాళ్ళకి చోటు దొరికింది. ఆ చోటు కూడా మా టీవీ కత్తిరించేసింది.

పోయిన డిసెంబరులో అరకు వెళ్ళాను. పాసింజరుకి ఇప్పుడు అద్దాల పెట్టె తగిలించారు. సొరంగంలోకి వెళ్ళినప్పుడల్లా టూరిస్టులు గట్టిగా అరుస్తున్నారు. పాత క్వార్టర్స్ వెనక ఖాళీ స్థలంలో ఎవరివో బైకులు పెట్టి ఉన్నాయి. తాత కూతురి ఊరికి వెళ్ళి ఆయన మనవణ్ణి కలిశాను. నా వయసువాడే, కాఫీ తోట ఉంది. మీ తాత నాకొక సినిమా బాకీ పెట్టి వెళ్ళాడని చెప్పి, ఆ సంగతంతా చెప్పాను. అతను నవ్వలేదు.

"మా అయ్య కూడా సెప్పేవోడు," అన్నాడు. "పోలీసోల కావిళ్ళు మోసినోళ్ళూ మావోళ్ళే, రాజుగారికి గంజి మోసినోళ్ళూ మావోళ్ళే. మీరు తీస్తారేటి ఆ సినిమా?"

నేను తియ్యలేను, నాకు చేతకాదన్నాను. అయితే ఎక్కడ మొదలెట్టాలో మాత్రం తెలుసన్నాను. మొదటి సీను 1952, ఢిల్లీ. పార్లమెంటు మెట్ల మీద ఒక పెద్దాయన నిలబడి ఉంటాడు. వెడల్పాటి తెర. ఈసారి ఆయన మధ్యలో ఉంటాడు.